నేరం మేనరికానిదేనా?

ఐదారేళ్ల మగపిల్లవాడు నేల మీద కూర్చుని ఉంటాడు. లేవాలంటే ముందు పక్కకు తిరిగి బోర్లా ఒంగుతాడు. రెండు చేతులూ నేలకు ఆనించి నడుము పైకెత్తుతాడు. ఒక చెయ్యి మోకాలి మీదికి, రెండో చెయ్యి తొడ మీదికి తెచ్చుకుని, తన కాళ్లనే ఆసరా చేసుకుని మెల్లగా నిటారుగా నిలబడతాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉంటాయి. అందుకే ఇంట్లోవాళ్లకు మొదట్లో అనుమానం రాదు. నడక ఆలస్యంగా రావడం, మెట్లెక్కలేకపోవడం, పరుగెత్తితే పడిపోవడం ఒక్కొక్కటిగా బయటపడతాయి. బ్రిటిష్ వైద్యుడు విలియం గోవర్స్ 1879లో వర్ణించిన లక్షణం ఇది. డాక్టర్లు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. రాయలసీమలోని ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా ఈ బిడ్డను చూసిన బంధువులూ ఇరుగుపొరుగూ ముందుగా అడిగే మాట ఒకటే: మేనరికమా? అవునంటే తీర్పు అయిపోయినట్టే. కాదంటే గ్రహపాటు అనేస్తారు. ఈ బిడ్డ విషయంలో ఆ ప్రశ్న చాలావరకు తప్పు. ఇలాగే కండరాలు నీరసించిపోయే ఇంకో బిడ్డ విషయంలో అదే ప్రశ్న సరైనది కావచ్చు. ఎవరిది ఏదో కంటితో చూసి చెప్పలేం, జన్యువును చూసే చెప్పాలి. కాబట్టి జన్యు పరీక్షను అన్నీ అయ్యాక, డబ్బుంటే చేయించుకునే ఖరీదైన ముచ్చటగా కాక, ఆ కుటుంబానికి దక్కాల్సిన మొదటి వైద్యంగా చూడాలన్నది ఈ వ్యాసం వాదన.

మేనరికం మీద అనుమానం ఊరికే పుట్టలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది రక్తసంబంధీకులనే చేసుకున్నారు. రాయలసీమలో మేనత్త కొడుకు, మేనమామ కూతురు మాత్రమే కాదు, అక్క కూతుర్ని చేసుకోవడమూ పాత ఆచారమే. బావామరదళ్లకు పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ, మేనకోడలి బిడ్డలో అది ఎనిమిదింట ఒకటి. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు ఈ లెక్క చాలా ముఖ్యం. ఒక చెడ్డ ప్రతిని వందమందిలో ఒకరు మోస్తున్నారనుకుందాం. సంబంధం లేని ఇద్దరు పెళ్లి చేసుకుంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 40,000లో ఒకటి. బావామరదళ్లయితే సుమారు 3,000లో ఒకటి. మేనమామ, మేనకోడలైతే సుమారు 1,500లో ఒకటి. విడిగా చూస్తే ఇవి చిన్న అంకెలే, కానీ పెరుగుదల నిజం. పెద్ద డాక్టర్లు మేనరికం వద్దని ఏళ్ల తరబడి చెబుతున్నది ఇందుకే, ఆ సలహాలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడంటే, కండరాల జబ్బులన్నిటికీ ఆ ఒక్క కారణాన్నే అంటగట్టడంలో.

పైన చెప్పిన పిల్లవాడికి ఉన్నది చాలావరకు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. మన ఆసుపత్రుల్లో అందరూ డీఎండీ అంటారు. పిల్లల్లో వచ్చే కండరాల క్షీణత వ్యాధుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ప్రపంచమంతటా సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. మేనరికాలు లేని దేశాల్లోనూ ఇంతే. కారణం ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం. మగపిల్లవాడికి ఎక్స్ తల్లి నుంచి మాత్రమే వస్తుంది, తండ్రి నుంచి వచ్చేది వై. కాబట్టి తండ్రి తల్లికి మేనమామ అయినా, ముక్కూముఖం తెలియని పరాయివాడైనా కొడుక్కి వచ్చే ప్రమాదంలో పిసరంత తేడా ఉండదు. ఒక అవ్వ ఈ చెడ్డ జన్యువును మోస్తోందనుకుందాం. ఆమె కొడుకు ఆరోగ్యంగా ఉన్నాడంటే అతనికి మంచి ఎక్స్ వచ్చిందన్నమాట. ఆమె కూతురు మోస్తుండవచ్చు, ఆ కూతురి కూతురూ మోస్తుండవచ్చు. ఆ కొడుకు తన మేనకోడల్నే చేసుకున్నాడు. వాళ్ల మగబిడ్డకు జబ్బు వస్తుందా రాదా అన్నది ఆ అమ్మాయి ఎక్స్ మీద ఆధారపడుతుంది, ఆమెను ఎవరికిచ్చి చేశారన్నదాని మీద కాదు. ఆమె వాహకురాలైతే ఎవరిని చేసుకున్నా కొడుకుల్లో సగానికి సగం ప్రమాదం. అంతేకాదు, డీఎండీ ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందిలో జన్యువు కొత్తగా దెబ్బతిన్నదే. తల్లి రక్తంలో వెతికితే ఏమీ దొరకదు. వంశంలో ఎవరికీ లేదే, ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని ఆ ఇళ్లలో వినిపించే మాటకు జవాబు ఇది. మనిషిలోని జన్యువుల్లో అతి పొడవైనవాటిలో ఇదొకటి, 20 లక్షలకు పైగా అక్షరాలు. అంత పొడవున్నచోట తరతరాల నకలు రాతలో ఎక్కడో ఒకచోట చెరిగిపోవడానికి అవకాశం ఎక్కువ.

ఈ సంగతి తెలుసుకోవడానికి శాస్త్రానికి చాలా కాలం పట్టింది. ఆ దారిలో మొదటి మెట్టు మీద ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గుర్తించాడు. కండరం బిగిసినప్పుడు వెనువెంటనే వాడుకునే శక్తి నిల్వ అది. రెండేళ్లకు, కణానికి శక్తినందించే ఏటీపీని కూడా పట్టుకున్నారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్నే కనిపెట్టాడు. ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసే ఎంజైమ్ పేరే క్రియాటిన్ ఫాస్ఫోకైనేజ్, రక్తపరీక్ష చీటీ మీద సీపీకే అని రాసేది. కండర కణం పైపొర చిట్లితే ఈ ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది. కండరాల క్షీణత ఉన్నవారి రక్తంలో ఇది విపరీతంగా ఉంటుందని జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి బృందం 1959లో చూపింది. మామూలు మనిషిలో ఒకటి రెండు వందలుండే అంకె డీఎండీ పిల్లవాడిలో పదివేలు దాటుతుంది, అదీ పుట్టినప్పటి నుంచే. సుబ్బారావు ఈ జబ్బు కోసం పనిచేయలేదు. కానీ ఈ రోజు ఏ చిన్న ల్యాబ్‌లోనైనా కొన్ని వందల రూపాయలతో అయ్యే ఈ పరీక్ష ఆయన వెతికిపెట్టిన రసాయనం చుట్టూ తిరిగేదే.

రెండో పెద్ద మెట్టు కూడా బోస్టన్‌లోనే పడింది. 1980లలో లూయీ కుంకెల్ అనే అణుజీవశాస్త్రవేత్తకు ఒక పిల్లవాడి డీఎన్‌ఏ అందింది. ఆ పిల్లవాడికి డీఎండీతో పాటు మరికొన్ని జన్యు జబ్బులూ ఉన్నాయి, ఎక్స్ క్రోమోజోమ్‌లో ఒక ముక్కే లేదు. అందరిలో ఉన్నది ఈ బిడ్డలో లేనిది ఏదో తేలిస్తే జన్యువు అందులోనే ఉండాలని కుంకెల్ ఊహించాడు. మామూలు డీఎన్‌ఏను పిల్లవాడి డీఎన్‌ఏతో కలిపాడు. రెంటిలోనూ ఉన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కున్నాయి, జత దొరకని ముక్కలు మిగిలాయి. వాటిని పట్టుకుని వెతగ్గా 1986లో జన్యువు చిక్కింది. 1987లో ఎరిక్ హాఫ్‌మన్, రాబర్ట్ బ్రౌన్, కుంకెల్ కలిసి అది తయారుచేసే ప్రొటీన్‌ను చూపించారు, డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. కండరంలోని మొత్తం ప్రొటీన్లలో అది 0.002 శాతం మాత్రమే. కండరం బిగిసి వదిలిన ప్రతిసారీ కణం పైపొర చిరగకుండా లోపలి నిర్మాణాన్ని బయటి పొరకు కట్టి ఉంచే పని దానిది. అది లేకపోతే ప్రతి అడుగూ కండరానికి చిన్న గాయమే. మొదట్లో కండరం బాగుచేసుకుంటుంది, కొన్నేళ్లకు ఓపిక అయిపోయి దాని స్థానంలో కొవ్వూ నారా చేరతాయి. లావుగా కనిపించే ఆ పిక్కల్లో ఉన్నది బలం కాదు.

ఇక్కడే జన్యు పరీక్ష ఎంత సూక్ష్మమైన సంగతి చెప్పగలదో చూడాలి. డిస్ట్రోఫిన్ జన్యువులో ప్రొటీన్‌కు పనికొచ్చే భాగాలు 79. వాటిని ఎక్సాన్లంటారు. మూడింట రెండు వంతుల మంది పిల్లల్లో ఒకటో, కొన్నో ఎక్సాన్లు పూర్తిగా ఎగిరిపోయి ఉంటాయి. ఎక్కువ పోతే జబ్బు ఎక్కువ, తక్కువ పోతే తక్కువ అనుకుంటాం. నిజం అలా లేదు. కణం ఈ రాతను మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చునేవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. మూడేసి పోగులకు ఒక రంగు చొప్పున వేసిన పడుగులో సరిగ్గా మూడో ఆరో పోగులు పోతే ఒక చార తగ్గుతుంది, మిగతా బట్ట సరిగానే వస్తుంది. రంగులు వరుసగా నింపే చోట లెక్కలో ఒక్క పోగు తప్పితే అక్కణ్ణుంచి చివరిదాకా ప్రతి చారా తప్పే. 50వ ఎక్సాన్‌లో 109 అక్షరాలున్నాయి, మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అది ఒక్కటీ పోతే చాలు, డీఎండీ వస్తుంది. 51వ ఎక్సాన్‌లో 233. రెండూ కలిపి పోతే 342, మూడుతో నిశ్శేషంగా భాగించబడుతుంది. అంటే ఇంకాస్త ఎక్కువ పోయిన పిల్లవాడికి పొట్టిదైనా పనిచేసే డిస్ట్రోఫిన్ తయారవుతుంది. అతనికి వచ్చేది బెకర్ డిస్ట్రఫీ, చాలామంది పెద్దయ్యాక కూడా నడుస్తారు. ఆంథొనీ మొనాకో, కుంకెల్ బృందం 1988లో ఈ సూత్రం చెప్పింది. అమెరికాలో 2016లో అనుమతి పొందిన ఎటెప్లిర్సెన్ మందు చేసేది ఇదే: 51వ ఎక్సాన్‌ను కావాలని దాటవేయించి లెక్క సరిచేయడం. అది సుమారు 13 శాతం మంది పిల్లలకే వర్తిస్తుంది, ఫలితమూ అంతంతమాత్రమే. ఏ ఎక్సాన్ పోయిందో తెలియని కుటుంబానికి ఈ మాటలన్నీ గాలిలో మాటలు.

ఇప్పుడు రెండో బిడ్డ సంగతి. ఆడపిల్లే కావచ్చు, పదిహేను ఇరవై ఏళ్ల దాకా బాగానే ఉండి, ఆ తర్వాత మెట్లెక్కడం, గొంతుక్కూర్చుని లేవడం, బిందె ఎత్తుకోవడం కష్టమవుతాయి. నడుము, తొడలు, భుజాల కండరాలు తగ్గుతాయి. లింబ్ గర్డిల్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే ఈ కుటుంబంలో చాలా జబ్బులున్నాయి, ఎక్కువ భాగం రెండు ప్రతులూ చెడితే వచ్చేవే. ఇక్కడ మేనరికం ప్రశ్న సరైనదే, కానీ సరిపోదు. 1995లో వీటిలో ఒకదానికి కారణమైన కాల్పైన్ అనే జన్యువును జాక్ బెక్‌మన్ బృందం కనిపెట్టింది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, బయటి సంబంధాలు తక్కువగా ఉన్న ఒక చిన్న సమాజంలోని కుటుంబాల సాయంతో. మన దేశంలో అగర్వాల్ సమాజంలో ఇదే జన్యువులో కొన్ని మార్పులు పదేపదే కనిపిస్తాయని పరిశోధకులు చూపించారు. వాళ్లలో దగ్గర సంబంధాలు చేసుకునే ఆచారం లేదు. కానీ కులం దాటరు. హైదరాబాద్ సీసీఎంబీలో కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్, వారి సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని అంకెల్లో పెట్టింది. దక్షిణాసియాలో చూసిన 263 సమూహాల్లో 81 సమూహాలు, తక్కువమంది పూర్వీకుల నుంచి పెరిగిన గుర్తులు ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలంగా ఉన్నవి. వాళ్లు ఎత్తిచూపిన ఉదాహరణ మన వైశ్యులు: 30 లక్షలకు పైగా జనాభా, అయినా రెండు మూడు వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు. ఒక రకం ఎంజైమ్ లోపం వాళ్లలో ఇతరులకన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఇది ఏ కులానికీ తక్కువ చేసే మాట కాదు. ప్రతి కులంలోనూ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది, చాలావాటిలో ఎవరూ ఇంకా వెతకలేదంతే. ఇందాకటి లెక్కనే మళ్లీ చూడండి. ఒక కులంలో ఇరవైమందిలో ఒకరు చెడ్డ ప్రతిని మోస్తుంటే, ఏ బంధుత్వం లేని ఇద్దరు ఆ కులంలోనే పెళ్లి చేసుకున్నా బిడ్డకు ప్రమాదం 1,600లో ఒకటి. అంటే దాదాపు మేనమామ, మేనకోడలి పెళ్లితో సమానం. మాది మేనరికం కాదు కాబట్టి మాకేం భయం లేదనే ధీమాకు ఈ లెక్కలో చోటు లేదు.

మందే లేని జబ్బుకు పరీక్ష ఎందుకు, తెలుసుకుని చేసేదేముంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, కానీ అందులో సగమే నిజం. డీఎండీని నయం చేసే మందు లేదు. అయినా ప్రెడ్నిసలోన్, డిఫ్లాజాకార్ట్ వంటి మామూలు స్టెరాయిడ్లు సమయానికి మొదలుపెడితే నడక రెండు మూడేళ్లు ఎక్కువ సాగుతుంది. గుండె కండరం కూడా ఇదే ప్రొటీన్ మీద ఆధారపడేది కనుక గుండెను ముందునుంచే కాపాడుకునే మందులున్నాయి. ఇంతకన్నా తక్షణమైనది ఒకటుంది. శస్త్రచికిత్సల్లో మత్తు డాక్టర్లు వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు డీఎండీ పిల్లవాడికి ఇస్తే దెబ్బతిన్న కండరం నుంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండె ఆగిపోవచ్చు. వైశ్యుల్లో ఎక్కువగా ఉన్న ఎంజైమ్ లోపం కూడా ఇదే మందుతో ప్రమాదం తెస్తుంది, కారణం వేరు: మందు కరగక రోగి గంటల తరబడి ఊపిరి తీసుకోలేడు. ఆ సంగతి తెలిసిన డాక్టర్లు ఇప్పుడు ముందే అడిగి మందు మారుస్తున్నారు. నయం చేయలేని లోపమే అయినా, తెలిసి ఉండటమే ప్రాణం కాపాడుతోంది. ఇంకో గందరగోళం కూడా తరచు జరుగుతుంది. ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైమ్‌లు కాలేయంలోనే కాదు కండరంలోనూ ఉంటాయి. జ్వరానికి చేసిన పరీక్షలో అవి పెరిగి కనిపిస్తే బిడ్డకు కాలేయం జబ్బని నెలల తరబడి మందులు మింగిస్తారు. సీపీకే ఒక్కటి చూసి ఉంటే దారి తేలేది. ఇక జన్యు చికిత్స అంటూ వార్తల్లో వస్తున్నది ఎలెవిడిస్. 2023లో అమెరికా అనుమతించింది, ధర 32 లక్షల డాలర్లు. 2025లో నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు టీనేజీ పిల్లలు దాని తర్వాత కాలేయం పాడై చనిపోయారు, వాడకం మీద ఆంక్షలు వచ్చాయి. 8వ లేదా 9వ ఎక్సాన్ పోయినవారికి అసలు ఇవ్వకూడదు. అప్పులు చేసి అక్కడిదాకా పోదామా అని ఆలోచించే తండ్రికి సైతం ముందు కావాల్సింది తన బిడ్డ జన్యు నివేదికే.

ఖర్చు మాట. నీళ్లకూ, రక్తహీనతకూ, కాన్పులకూ డబ్బు చాలని చోట అరుదైన జబ్బుకు పరీక్షలా అనేవారికి ప్రభుత్వం లెక్కలోనే జవాబుంది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర కండరాల క్షీణత రోగులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. చాలా మంచి పని, ఆ ఇళ్లకు అది అన్నం. ఏడాదికి 1,80,000 రూపాయలు. ఎక్సాన్ల లోటు పట్టే ఎంఎల్‌పీఏ అనే పరీక్షకు అయ్యేది వేలల్లో, జీవితంలో ఒక్కసారి. జబ్బు ముదిరాక చెయ్యి పట్టుకునే ప్రభుత్వం మొదట్లోనే పట్టుకుంటే ఖర్చు కొండలా పెరగదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మస్క్యులర్ డిస్ట్రఫీని వైకల్యంగా గుర్తించింది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో డీఎండీ ఉంది. ఆ విధానం కింద హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిపి ఒక ప్రత్యేక కేంద్రం. ఊళ్లలో పిల్లల్ని చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలూ ఉన్నాయి. లేనిది వీటి మధ్య దారి. ఏడాదిన్నరకు నడవని మగబిడ్డకూ, తొడల మీద చేతులు వేసుకుని లేచే ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ నుంచి ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రులకు చీటీ, అక్కడ సీపీకే, అది ఎక్కువుంటే కర్నూలు పెద్దాసుపత్రిలో రక్తం తీసి హైదరాబాద్‌కు పంపడం. ప్రయాణం చేయాల్సింది రెండు మిల్లీలీటర్ల రక్తం. బిడ్డను చంకనేసుకుని కూలి మానుకున్న తల్లి కాదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మూడోది. పరీక్ష చేస్తే తల్లి వాహకురాలని తేలుతుంది, నీవల్లే అని ఆమెను నిందిస్తారు, వదిలేస్తారు కూడా. ఈ భయం నిజం. అయితే పరీక్ష లేనప్పుడు నింద ఎక్కడికి పోతోంది? ఇప్పుడూ తల్లి మీదికే పోతోంది, ఆధారం లేకుండా. పరీక్ష సుమారు మూడో వంతు మంది తల్లుల్లో ఆ లోపం లేదని చెబుతుంది. మిగతావారికి అది పుట్టుకతో వచ్చినదనీ, ఎవరి తప్పూ కాదనీ చెప్పగల మనిషి పక్కన ఉండాలి. అందుకే సలహాదారు లేని పరీక్షను నేను సమర్థించను. నివేదిక కాగితాన్ని చేతిలో పెట్టి పంపడం క్రూరత్వం. ఇంకో వైపు నుంచి వికలాంగుల ఉద్యమంలో ఉన్నవారు అడుగుతారు: ఇదంతా మాలాంటి వాళ్లు పుట్టకుండా చేయడానికేనా? ఆ మాటను తేలిగ్గా తీసేయకూడదు. డీఎండీతో ముప్పై దాటి బతుకుతున్నవారు, చదువుకున్నవారు, పనిచేస్తున్నవారు ఉన్నారు. వాళ్ల బతుకు విలువ ఎవరూ తూచేది కాదు. జన్యు సమాచారం ఆ స్త్రీ చేతికి వచ్చాక ఏం చేయాలన్నది ఆమె నిర్ణయం, ఏమీ చేయకపోవడం కూడా అందులో ఒకటే. ప్రభుత్వం చేయాల్సింది నిర్ణయించడం కాదు, తెలియజేయడం.

తెలియజేయడానికి గడువుంది. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే, ఎక్స్ మీద వచ్చే జబ్బులకు నమోదైన కేంద్రాల్లో గర్భస్థ పరీక్షను అనుమతిస్తుంది. మాయ నుంచి నమూనా తీసే పరీక్ష పదకొండో వారం నుంచి చేయవచ్చు. కానీ ఏ మార్పు కోసం వెతకాలో అప్పటికే తెలిసి ఉండాలి. అన్నకు డీఎండీ ఉండి, అతను పదిహేడేళ్లకో ఇరవయ్యేళ్లకో చనిపోయి, ఏ పరీక్షా చేయని ఇంట్లో చెల్లెలికి నెల తప్పితే వెతకడానికి ఆనవాలు మిగలదు. మంచం పట్టిన పిల్లవాడి రక్తం నుంచి ఈ రోజు తీసి దాచే డీఎన్‌ఏ అతనికి ఉపయోగపడకపోవచ్చు. అతని అక్కచెల్లెళ్లకూ, పిన్నమ్మలకూ, వాళ్ల కూతుళ్లకూ ఉపయోగపడుతుంది. మేనరికాల సీమలో ఈ ఆడవాళ్లంతా చాలాసార్లు నాలుగైదు ఊళ్ల లోపలే, ఒకే బంధువర్గంలోనే ఉంటారు. వెతకడం కష్టం కాదు. చిన్నపిల్లల్ని మాత్రం వదిలేయాలి. ఆరోగ్యంగా ఉన్న పదేళ్ల అమ్మాయి వాహకురాలని పెళ్లి సంబంధాల కోసం పెద్దలు తేల్చుకోవడం ఆమె హక్కును లాక్కోవడమే. పద్దెనిమిది నిండాక, ఆమె అడిగితే, ఆమెకు ఒక్కదానికే చెప్పాలి.